‘స్టాటిక్ లింకింగ్’ను ‘స్థిర అనుసంధానం’ అనవచ్చా?

ప్రశ్న:
లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగాన్ని) పరీక్షించే చిన్న సీ ప్రోగ్రాముల మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. వాటిని స్టాటిక్‌గా లింక్ చేసి, అంటే కావలసిన లైబ్రరీలను ముందే ప్రోగ్రాములో కలిపేసి, నడపడం గురించి రాసిన చోట ‘స్థిర అనుసంధానం’ అన్నాను. చదివిన పిల్లలు ‘స్థిరం అంటే మెమరీలో కదలనిదా అండీ?’ అని అడుగుతున్నారు. ఇంతకన్నా మంచి మాట ఉందా?

జవాబు 1:
వాళ్ల అనుమానం సబబే. స్టాటిక్ అన్నది ఇక్కడ కదలిక గురించి కాదు, కలపడం ఎప్పుడు జరిగిందన్న దాని గురించి. స్టాటిక్-పై (PIE, అంటే ఏ అడ్రసులోనైనా నడిచేలా కట్టిన) రకం ప్రోగ్రాములో లైబ్రరీలన్నీ ముందే కలిసిపోయి ఉంటాయి, అయినా అది నడిపిన ప్రతిసారీ వేరే అడ్రసులో కూర్చోగలదు. స్థిరం అన్న మాట అక్కడే చెల్లదు.

నా ఓటు ‘సిద్ధ’, ‘సాధ్య’లకు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాలకు ఈ విభాగం ఉంది. ‘రాజాజ్ఞ’ సిద్ధం: సంధి సంస్కృతంలోనే అయిపోయి మన దగ్గరికి తయారుగా వచ్చింది. ‘రాజునాజ్ఞ’ సాధ్యం: పదాలు సంస్కృతానివే, కలిపింది మాత్రం తెలుగు పద్ధతిలో. ప్రోగ్రాము కట్టేటప్పుడు లింకర్ ముందే కలిపేసింది సిద్ధం, నడిపేటప్పుడు లోడర్ (లైబ్రరీలను వెతికి ఎక్కించే ప్రోగ్రాము) కలిపేది సాధ్యం.

జవాబు 2:
వ్యాకరణం చదివినవాళ్లకు ముచ్చటగా ఉంటుంది గానీ, ఈ రోజుల్లో సాధ్యం అంటే ‘వీలయ్యేది’ అనే కదండీ. ‘సాధ్య లింకింగ్’ అని రాస్తే అసాధ్య లింకింగ్ ఏదని అడుగుతారు. ‘ముందే లింక్ చేసిన’, ‘నడిపేటప్పుడు లింక్ అయ్యే’ అంటే పోలా? పొడుగే, కానీ ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న వేసినవారు:
‘స్వయంసంపూర్ణ ప్రోగ్రాము’ అంటే ఎలా ఉంటుంది? అన్నీ అందులోనే ఉంటాయి కదా.

జవాబు 3:
దయచేసి ఆ మాట వద్దు. పరీక్షలు తప్పేది సరిగ్గా ఆ నమ్మకంతోనే.

స్టాటిక్ ఎందుకు వాడతామంటే, కెర్నల్‌తో పాటు లైబ్రరీ ఒక్కటీ లేని చిన్న ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో (బూట్ అయ్యేటప్పుడు మెమరీలోకి వచ్చే ఫైల్‌సిస్టమ్‌లో) పరీక్ష నడవాలి. మామూలుగా, అంటే నడిపేటప్పుడు లింక్ అయ్యేలా, కట్టిన ప్రోగ్రాము అక్కడ పెడితే ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది. ఫైలు కళ్లముందే ఉంటుంది! లేనిది ఆ ఫైలు కాదు, అది అడుగుతున్న లోడర్. కొత్తవాళ్లు సగం రోజు అక్కడే పోగొట్టుకుంటారు.

స్టాటిక్ చేస్తే ఆ బాధ తీరుతుంది, ఇంకోటి మొదలవుతుంది. వీడీఎస్ఓ సంగతే చూడండి. టైమ్ అడగడం లాంటి పనులు సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను పని అడిగే పిలుపు) లేకుండా త్వరగా అయ్యేలా, ప్రతి ప్రాసెస్‌లోకీ కెర్నల్ తనంతట తాను ఎక్కించే చిన్న లైబ్రరీ అది. స్టాటిక్ ప్రోగ్రాములోకీ వచ్చి చేరుతుంది. అంటే స్వయంసంపూర్ణం కానే కాదు. దాన్ని పరీక్షించే ప్రోగ్రాము డీఎల్‌ఓపెన్‌తో (నడుస్తుండగా లైబ్రరీని తెరిచే ఫంక్షన్‌తో) పేరు పెట్టి అడిగితే, జవాబు చెప్పాల్సిన లోడరే అక్కడ లేదు. మసల్ అనే సీ లైబ్రరీతో స్టాటిక్‌గా కడితే డీఎల్‌ఓపెన్ ఎప్పుడూ విఫలమే. గ్లిబ్‌సీ అనే ఇంకో సీ లైబ్రరీ అయితే లింక్ చేసేటప్పుడే హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను మనం చదవం. దొరక్కపోతే పరీక్షను వదిలేసి ముందుకు పోయేలా రాసి ఉంటే ఇంకా ప్రమాదం: ఏదీ పరీక్షించకుండానే అంతా బాగున్నట్టు కనిపిస్తుంది.

దారి ఏమిటంటే, గెట్‌ఆక్స్‌వాల్‌ను (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు కెర్నల్ ఇచ్చిన విలువలు చెప్పే ఫంక్షన్‌ను) ఏటీ_సిస్‌ఇన్ఫో_ఈహెచ్‌డీఆర్ విలువ అడగాలి. వీడీఎస్ఓ మొదలయ్యే అడ్రసు వస్తుంది. అక్కడి నుంచి ఈఎల్ఎఫ్ సింబల్ పట్టికను (ఫంక్షన్ల పేర్లు, అడ్రసుల జాబితాను) మనమే చదువుకుని కావలసిన ఫంక్షన్ వెతుక్కోవాలి. ఇందుకు పనికొచ్చే పార్స్_వీడీఎస్ఓ.సీ అనే ఫైలు కెర్నల్ సోర్సులోనే ఉంది. పేర్లు మాత్రం జాగ్రత్త: ఎక్స్86 ప్రాసెసర్లలో __వీడీఎస్ఓ_ అని మొదలయ్యేవి ఆర్మ్64లో __కెర్నల్_ అని మొదలవుతాయి. ఆ పేర్లకు తగిలించే వెర్షన్ కూడా ఎక్స్86లో లినక్స్_2.6, ఆర్మ్64లో లినక్స్_2.6.39.

ఎల్‌డీ_ప్రీలోడ్ (మనం చెప్పిన లైబ్రరీని అన్నిటికన్నా ముందు ఎక్కించమనే సెట్టింగ్) మీద ఆధారపడే పరీక్షలకు మాత్రం ఇలాంటి పక్కదారి లేదు. దాన్ని చదివేది లోడరే కాబట్టి, స్టాటిక్‌లో అది పెట్టినా పెట్టకపోయినా ఒకటే, తప్పు అని కూడా చెప్పదు.

ప్రశ్న వేసినవారు:
అయితే పాఠం పేరు ‘ముందే లింక్ చేసిన ప్రోగ్రాములు’ అని మారుస్తున్నాను. సిద్ధ, సాధ్యల ముచ్చట పెట్టెలో వేస్తాను, తీసేయబుద్ధి కావడం లేదు. లోడర్‌ను ఏమనాలి?

జవాబు 2:
లోడర్ అనే ఉంచండి. ‘ఎక్కింపరి’ అని ఎవరో అనకముందే.