కుట్టుమిషన్ సొరుగులో దొరికిన బుల్లి రివాల్వర్: ఏ మోడల్, ఎంత పలుకుతుంది?

పిట్స్‌బర్గ్_సుబ్బు:
అందరికీ నమస్తే. పోయిన శనివారం మా వీధి చివర పాత ఇంట్లో ఎస్టేట్ సేల్ (ఇంటి సామానంతా అమ్మకం) పెడితే 40 డాలర్లకు ఒక కుట్టుమిషన్ కొన్నాను. అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది, సరదా పడుతుందని. ఎడమ సొరుగు సగానికే ఆగిపోతోంది. గట్టిగా లాగితే వెనక నుంచి గుడ్డమూట ఒకటి కింద పడింది. విప్పితే అరచేతిలో ఇమిడిపోయే రివాల్వర్! అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "అది మా నాయనమ్మ మిషన్, లోపల ఏముందో మాకూ తెలీదు, నువ్వే ఉంచుకో" అన్నారు. అదే మాట మెయిల్‌లో కూడా రాయించుకున్నాను.

బారెల్ ఎనిమిది పలకలుగా ఉంది, మూడంగుళాల పైచిలుకు. ట్రిగ్గర్ చుట్టూ గార్డు లేదు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్‌లో ఏడు రంధ్రాలు, పెన్ను రీఫిల్ కన్నా కాస్త వెడల్పు అంతే. పిడి చెక్కది. బాడీ ఇత్తడిలా ఉంది కానీ మూలల్లో తెల్లగా ఏదో పూత. అదే గుడ్డలో చిలుము పట్టిన చిన్న తూటాలు మూడు. నాది హెచ్1బి వీసా. ఇది ఇంట్లో ఉంచుకోవచ్చా? ఎంత చేస్తుంది?

నైట్‌షిఫ్ట్_నాని:
బ్రో, బొమ్మ తుపాకీ అయ్యుంటుంది. 😄

పాతసామాను:
బొమ్మ కాదు నానీ. సుబ్బు గారూ, ముందు అందులో తూటా లేదని చూసుకున్నారా? బారెల్ కింద, ఫ్రేమ్ ముందు భాగంలో చిన్న గొళ్లెం ఉంటుంది. బారెల్‌ను గోడకేసి తిప్పి, ట్రిగ్గర్ దగ్గర వేలు పెట్టకుండా దాన్ని నొక్కండి. బారెల్ మొత్తం పైకి లేస్తుంది, పెట్టె మూత తెరిచినట్టు. సిలిండర్ చేతిలోకి వచ్చేస్తుంది. అలా తెరుచుకుంటే అది అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల మోడల్ నంబర్ 1 అయ్యే అవకాశం ఎక్కువ. బారెల్ కింద పొడుచుకొచ్చిన కడ్డీ ఉందా? కాల్చాక మిగిలిన ఖాళీ తూటా గొట్టాలను ఒక్కొక్కటిగా బయటికి తోయడానికి పెట్టింది అది.

పిట్స్‌బర్గ్_సుబ్బు:
అచ్చం మీరు చెప్పినట్టే తెరుచుకుంది! ఖాళీగానే ఉంది. బారెల్ మీద అరిగిపోయిన అక్షరాల్లో స్ప్రింగ్‌ఫీల్డ్, మాస్ (మసాచుసెట్స్) అని ఉంది. సిలిండర్ మీద 1855 ఏప్రిల్ 3, 1859 జులై 5, ఇంకో తేదీ. అంటే 1859లో తయారైందా?

పాతసామాను:
అందరూ పడే పొరపాటే ఇది. అవి పేటెంట్ తేదీలు, తయారైన తేదీలు కావు. పిడి అడుగున చదునైన చోట నంబర్ ఉంటుంది, అది చూడండి.

ఈ మోడల్ 1857 నుంచి 1882 దాకా మూడు రకాలుగా వచ్చింది. మొదటి రకంలో ఫ్రేమ్ పక్కలు ఉబ్బెత్తుగా ఉంటాయి, పక్కన గుండ్రటి పలక ఉంటుంది. అవి దాదాపు పదకొండున్నర వేలే చేశారు, ధర అంతా వాటిదే. 1860లో వచ్చిన రెండో రకానికి పక్కలు చదును, పలక వంకరటింకర, బారెల్ మాత్రం పలకలదే. 1868 నుంచి వచ్చిన మూడోదానికి గుండ్రటి బారెల్, సిలిండర్ మీద పొడవాటి గాడులు, పిడి పక్షి తలలా వంగి ఉంటుంది, ఫ్రేమ్ ఇనుముది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది రెండోది. ఇత్తడి ఫ్రేమ్, దాని మీద వెండి పూత. మూలల్లో తెల్లగా కనిపిస్తున్నది అదే.

ఓహైయో_రావు:
చిన్న హెచ్చరిక. స్మిత్ అండ్ వెస్సన్ పేరు కనిపించగానే పొంగిపోకండి. తూటాను వెనక నుంచి పెట్టేలా సిలిండర్‌ను ఆసాంతం తొలవడం అనే ఐడియా రోలిన్ వైట్ అనే ఆయనది. ఆ 1855 పేటెంట్ ఆయనదే. రివాల్వర్‌కు 25 సెంట్ల చొప్పున ఇచ్చే ఒప్పందంతో స్మిత్, వెస్సన్ దాన్ని పట్టేశారు. కాపీ కొట్టినవాళ్ల మీద కేసులు వేసే బాధ్యత మాత్రం వైట్ నెత్తినే పెట్టారు! మూర్, పాండ్, వార్నర్ లాంటి కాపీదారులు ఓడిపోయాక, తమ సరుకు మీద "స్మిత్ అండ్ వెస్సన్ కోసం చేసినది" అని కొట్టించుకోవాల్సి వచ్చింది. అందుకని ఆ పేరున్న ప్రతిదీ వాళ్ల ఫ్యాక్టరీది కాదు.
పాపం వైట్ లాయర్ ఫీజులకే చాలా పోగొట్టుకున్నాడు. పేటెంట్ గడువు విషయంలో ఆయన కోసం అమెరికా కాంగ్రెస్ చేసిన బిల్లును 1870లో ప్రెసిడెంట్ గ్రాంట్ వీటో చేశాడు.

పిట్స్‌బర్గ్_సుబ్బు:
నంబర్ దొరికింది. ఐదంకెలు, 7తో మొదలు.

పాతసామాను:
రెండో రకం నంబర్లు 11,672 నుంచి లక్షా ఇరవై ఆరు వేల దాకా నడిచాయి. అంటే మీది 1860ల మధ్యది, అమెరికా అంతర్యుద్ధం రోజులది. అప్పట్లో చాలామంది సైనికులు సొంత డబ్బుతో ఇవి కొనుక్కుని జేబులో వేసుకునేవారు.
ఇప్పుడు పిడి స్క్రూ సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ ఉంటేనే విప్పండి, గీత పడితే విలువ పడినట్టే. కుడి చెక్క లోపల అదే నంబర్ ఉండాలి. బారెల్, సిలిండర్, ఫ్రేమ్ మీద చిన్న అక్షరం గుర్తులు కూడా ఒకదానితో ఒకటి కలవాలి. కలిస్తే పుట్టినప్పటి భాగాలే.
ఇంకోటి. "2డి క్వాలిటీ" అని ఎక్కడైనా ఉందా? అప్పట్లో లోపమున్న సరుకని తక్కువకు అమ్మినవి. ఇప్పుడు అరుదు కాబట్టి మంచివాటికన్నా ఎక్కువ పలుకుతాయి!

పిట్స్‌బర్గ్_సుబ్బు:
చెక్క నంబర్, గుర్తులు అన్నీ కలిశాయి. క్వాలిటీ ముద్ర మాత్రం లేదు. మన అదృష్టం ఎప్పుడూ ఫస్ట్ క్వాలిటీనే. 😅

డాలస్_లక్ష్మి:
సుబ్బు గారూ, అందరూ రివాల్వర్ గురించే మాట్లాడుతున్నారు. అసలు సమస్య ఆ మూడు తూటాలు. 1898 లోపు తయారైనది ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్, "ఫైర్ఆర్మ్" లెక్కలోకి రాదు. తూటాలకు ఆ వెసులుబాటు లేదు. మీ వీసా మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తూటాలు దగ్గర పెట్టుకోకూడదు. పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేసి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. స్టేషన్‌కు మీరు పట్టుకెళ్లకండి. రాష్ట్రం రూల్స్ కూడా విడిగా కనుక్కోండి, న్యూజెర్సీ లాంటి చోట్ల లెక్క వేరు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉంటే లాయర్‌ను ఒక మాట అడగడం మంచిది.

నైట్‌షిఫ్ట్_నాని:
ఒక్కసారి కాల్చి చూస్తే?

పాతసామాను:
ఆ పని మాత్రం వద్దు. .22 షార్ట్ తూటా ఇప్పటికీ షాపుల్లో దొరుకుతుంది, ఇందులో పట్టేస్తుంది కూడా. అదే ప్రమాదం. నూట అరవై ఏళ్ల కిందటి ఇత్తడి ఫ్రేమ్, పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) ఒత్తిడికి చేసింది. ఇప్పటి మందుకు చేతిలోనే విచ్చిపోవచ్చు.

బొబ్బిలి_పిల్ల:
ఇండియాకు తేవాలని మాత్రం అనుకోకండి. మా తాతయ్యది .32 వెబ్లీ ఉండేది, లైసెన్స్‌తోనే. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవారు. ఆయన పోయాక నాన్న పేరు మీద మార్చడానికి ఎన్నిసార్లు తిరిగామో, చివరికి విసిగిపోయి వదిలేశాం. 1959 ఆయుధ చట్టంలో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది కానీ, మరమ్మతు చేసినా పేలనిదైతేనే. మీది పేలేలా ఉంది.

ఓహైయో_రావు:
ధర సంగతి. వెబ్‌సైట్లలో అడిగే రేటు చూడకండి, వేలంలో అమ్ముడుపోయిన రేటే చూడండి. నేను పోయినేడు ఇలాంటిదే, కొంచెం అరిగింది, 375 డాలర్లకు అమ్మాను. లోకల్ షాపువాడు 150 అన్నాడు, ఆయనకూ లాభం ఉండాలిగా. వెండి పూత చాలావరకు నిలిచి ఉంటే ధర ఎంతో పెరుగుతుంది. స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కు రాస్తే ఫీజు తీసుకుని పాత రికార్డులు చూసి, ఎప్పుడు ఎవరికి పంపారో లెటర్ ఇస్తారు. చాలామటుకు న్యూయార్క్ డీలర్ స్టార్స్ పేరే వస్తుంది లెండి, ఆ రోజుల్లో సరుకంతా ఆయన చేతి మీదుగానే పోయేది.

పిట్స్‌బర్గ్_సుబ్బు:
అప్‌డేట్. పోలీసాయన వచ్చి తూటాలు కవర్లో వేసుకుని నవ్వుకుంటూ వెళ్లాడు, రివాల్వర్‌ను ముట్టుకోలేదు.
కానీ ఒక ఘోరం జరిగింది. నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి సింకు పక్కన అది ధగధగలాడుతోంది. అమ్మ చింతపండు పెట్టి తోమింది! దేవుడి సామాన్లతో పాటే. "ఎంత మురికి పట్టిందిరా, బంగారంలా వచ్చింది చూడు" అంటోంది. మూలల్లోని తెల్లపూత మొత్తం పోయింది. ఏమీ అనలేక పులిహోర తిని పడుకున్నాను.

పాతసామాను:
😭😭 వంద డాలర్లు సింకులో పోయాయి. సరే, తడి లోపలికి దిగి ఉంటుంది, స్ప్రింగు తుప్పు పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, కీళ్ల దగ్గర మెషిన్ ఆయిల్ ఒక్కో చుక్క వెయ్యండి. ఆ మెరుపు మళ్లీ దానంతట అదే మసకబారాలి, ఇంకేమీ పుయ్యకండి.

డాలస్_లక్ష్మి:
అమ్మగారిని ఏమీ అనకండి పాపం. అమ్మేస్తున్నారా మరి?

పిట్స్‌బర్గ్_సుబ్బు:
లేదండీ, ఉంచుకుంటున్నాను. లెటర్ కోసం అప్లై చేశాను. ఇప్పుడు కొత్త టెన్షన్, దసరాకు ఆయుధపూజలో దీన్ని పెట్టి పసుపు కుంకుమ రాస్తానంటోంది అమ్మ.

పాతసామాను:
బొట్టు దాన్ని దాచిన డబ్బాకు పెట్టించండి, రివాల్వర్‌కు వద్దు!