ఐటీ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ బిజినెస్ డిగ్రీ: ఉద్యోగం చేస్తూ చదవడం కుదురుతుందా?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
చాలా ఏళ్లుగా సర్వర్లు, నెట్‌వర్క్ పనే. ఈమధ్య టీమ్ లీడ్‌ని చేశారు. పని మీద పట్టుంది కానీ బడ్జెట్ మీటింగ్‌లో కూర్చుంటే సగం మాటలు తలకెక్కవు, కొత్త స్టోరేజ్ కావాలంటే ఆర్‌ఓఐ (పెట్టిన డబ్బుకి ఎంత లాభం వస్తుందో) చూపించమంటారు, నా నోరు అక్కడే మూతపడుతుంది. అందుకే ఆన్‌లైన్‌లో బీబీఏ, టెక్నాలజీ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్ తీసుకుందామని ఉంది. అకౌంటింగ్ అంటే చచ్చేంత భయం, అది ఎంతుంటుంది? షిఫ్టులతో కుదురుతుందా? లేక ఐటిల్ (ఐటీ సేవల నిర్వహణ), పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్) లాంటి సర్టిఫికేషన్లతో సరిపెట్టుకోవడమే నయమా?

లెడ్జర్_పిచ్చి:
మీరు చెప్పిన కష్టానికి మందు సరిగ్గా ఆ అకౌంటింగ్‌లోనే ఉందండీ. చిట్టా ఆవర్జాలు రాయించరు, భయపడకండి. ఉదాహరణకి సర్వర్ కొంటే అది ఆస్తి, ఖర్చుని దాని ఆయుష్షు మొత్తానికి పంచి ఏటా కొంత తరుగుదల చూపిస్తారు. అదే పని క్లౌడ్‌లో చేస్తే కట్టే అద్దె అంతా ఆ ఏడాది ఖర్చులోకే పోతుంది. పని ఒకటే, లెక్కల్లో మాత్రం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఫైనాన్స్ వాళ్లు ఒకసారి క్లౌడ్ వద్దని, ఇంకోసారి అదే కావాలని ఎందుకంటారో నాకు అప్పుడే అర్థమైంది. ఎన్‌పీవీ (ముందు ముందు వచ్చే డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టి, అందులోంచి పెట్టుబడి తీసేసే లెక్క) కూడా అంతే, రాబడి రేటు పది శాతం అనుకుంటే వచ్చే ఏడాది చేతికొచ్చే 110 ఇవాళ్టి 100తో సమానం, మిగతాదంతా స్ప్రెడ్‌షీట్ చూసుకుంటుంది.

అసలు రుచి కేస్ స్టడీల్లో ఉంటుంది. హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో కొత్త ఈఆర్‌పీని (ఆర్డర్లు, గోదాములు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) సరిగ్గా హాలోవీన్ పండగ ఆర్డర్లు ముంచుకొచ్చే ముందు మొదలుపెట్టింది, గోదాముల్లో సరుకున్నా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. అలాంటి సీజన్‌లో గో-లైవ్‌కి (కొత్త సిస్టమ్‌ని అసలు పనిలోకి దించడానికి) ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారు అని క్లాసులో వాదించుకుంటాం. సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడేది తక్కువే.

సూటిగా_చెప్తా:
నేను కొంచెం అడ్డం మాట్లాడతా. టెక్నికల్‌గా లోతుకి వెళ్లాలంటే ఈ డిగ్రీ దండగ, క్లౌడ్, సెక్యూరిటీ పైపైనే చెప్తారు, మీకు ముందే తెలిసినవే. ఐటిల్ 4 ఫౌండేషన్ అయితే 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు, 26 కరెక్ట్ అయితే పాస్, కొద్ది వారాల చదువు చాలు. కానీ వెండర్ కాంట్రాక్టులు, బడ్జెట్, మనుషుల్ని తీసుకోవడం ఇవన్నీ మీ నెత్తిన పడబోతుంటే సర్టిఫికేషన్ ఒక్కటే చాలదు. పైగా డిగ్రీ ఉన్నవాళ్లకి పీఎంపీ రాయడానికి తక్కువ అనుభవం చాలు.

చేరేముందు గుర్తింపు చూడండి. ఏఏసీఎస్‌బీ లాంటి సంస్థలు ఉన్నది బిజినెస్ స్కూళ్లకి గుర్తింపు ఇవ్వడానికే. కాలేజీ బ్రోషర్‌లో లోగో ఉంది కదా అని నమ్మకుండా ఆ సంస్థ సైట్‌లోనే పేరు వెతకండి. 'మా డిగ్రీకి ప్రపంచవ్యాప్త గుర్తింపు' అని రాసి, ఇచ్చిందెవరో చెప్పకపోతే పక్కకి తప్పుకోండి.

అర్ధరాత్రి_అసైన్‌మెంట్:
షిఫ్టుల సంగతి నేను చెప్తా, ప్రస్తుతం చదువుతున్నా కాబట్టి. ఎప్పుడైనా చదువుకోవచ్చు అంటారు గానీ అది వీడియోల వరకే, వారం వారం డిస్కషన్ పోస్టులకి, క్విజ్‌లకి గడువు ఉంటుంది, పరీక్షలప్పుడు కెమెరా ఆన్‌లో పెట్టాల్సి రావచ్చు. అన్నిటికంటే తలనొప్పి గ్రూప్ ప్రాజెక్ట్. ఒకళ్లు పగలు, ఒకళ్లు రాత్రి, ఒకళ్లు అసలు కనపడరు. మొదటి రోజే ఎవరు ఏ భాగం రాయాలో షేర్డ్ డాక్యుమెంట్‌లో పేర్లతో పెట్టేయండి బ్రదర్. మొదటి టర్మ్‌లో ఒక్క సబ్జెక్టే తీసుకోండి, అదీ అకౌంటింగే తీసుకుంటే ఆ టెన్షన్ ముందే పోతుంది.

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
థాంక్స్ అందరికీ. ఇంకొక్కటి, నాకు ఇప్పటికే ఉన్న నెట్‌వర్కింగ్ సర్టిఫికేట్లకి క్రెడిట్లు ఇస్తారా?

సూటిగా_చెప్తా:
కొన్ని చోట్ల ఇస్తారు, కొన్ని చోట్ల ఎలెక్టివ్‌ల కిందే లెక్కేస్తారు. ఫీజు కట్టకముందే ఏ సర్టిఫికేట్‌కి ఏ సబ్జెక్ట్ మినహాయిస్తారో మెయిల్‌లో రాయించుకోండి. అడ్మిషన్ కౌన్సెలర్ ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.