పక్క ఊళ్లో లంపీ చర్మవ్యాధి: ఇప్పుడు టీకా వేయిస్తే ప్రయోజనం ఉంటుందా?

ప్రశ్న (పాడి రైతు, ప్రకాశం జిల్లా):
మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో కొన్ని ఆవులకు లంపీ చర్మవ్యాధి సోకిందని పశువైద్యశాలవారు చెప్పారు. మా కొట్టంలో రెండు సంకరజాతి ఆవులు, ఒక గేదె, రెండు నెలల పెయ్యదూడ ఉన్నాయి. వాటిలో దేనికీ ఇంతవరకు టీకా వేయించలేదు. వ్యాధి ఇంత దగ్గరకు వచ్చాక టీకా పనిచేస్తుందా? మేకలకు వేసే గోట్ పాక్స్ టీకానే ఆవులకు వేయడం సరైనదేనా? పాలు ఇంట్లో పిల్లలకు పోయవచ్చునా? వచ్చే వారం సంతలో మరో ఆవును కొనడానికి బయానా కూడా ఇచ్చి ఉన్నాను.

సమాధానం (పశువైద్యుడు):
వెంటనే వేయించండి. లంపీ, మేకల మశూచి, గొర్రెల మశూచి మూడింటినీ కలిగించేవి ఒకే కుటుంబానికి చెందిన దగ్గరి వైరస్‌లు కాబట్టి, గోట్ పాక్స్ టీకా ఆవులకూ రక్షణ ఇస్తుంది. 2019లో ఒడిశాలో మన దేశంలో తొలిసారి బయటపడిన ఈ వ్యాధి, 2022లో రాజస్థాన్, గుజరాత్, పంజాబ్ తదితర రాష్ట్రాలలో లక్షన్నరకు పైగా పశువులను బలిగొన్నప్పుడు కూడా ప్రధానంగా ఈ టీకాతోనే దానిని ఎదుర్కొన్నారు.

అయితే టీకా వేసిన రోజునుంచే రక్షణ వచ్చేసినట్లు భావించకూడదు. పూర్తి నిరోధకశక్తి రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఈలోగా జ్వరం వచ్చి గడ్డలు లేచిన పశువులను చూసి టీకాయే వ్యాధిని తెచ్చిందని అనుకొని, మిగిలినవాటికి వేయించడం మానేసే రైతులు ఉన్నారు. అది చాలా నష్టం చేస్తుంది. చాలా సందర్భాలలో అటువంటి పశువులకు టీకాకు ముందే వైరస్ సోకి ఉంటుంది. వ్యాధి లక్షణాలున్న పశువుకు మాత్రం టీకా వేయరు. ప్రతి పశువుకూ కొత్త సూది వాడాలని మీరే పట్టుబట్టండి, ఎందుకంటే ఒకే సూదితో వరుసగా వేసుకుంటూ పోతే వ్యాధి కూడా వెంట వెళ్లవచ్చు. దూడకు నాలుగు నెలలు నిండాక వేయించవచ్చు.

ఈ వైరస్ ప్రధానంగా కుట్టే ఈగలు, దోమలు, పిడుదుల ద్వారా వ్యాపిస్తుంది. అందువల్ల పేడను కొట్టానికి దూరంగా వేయడం, మురుగు నిలవకుండా చూడడం, సాయంత్రం వేపాకు పొగ పెట్టడం, పిడుదుల మందు వాడడం అవసరం. లంపీ మనుషులకు సోకదు, పాలను బాగా మరిగించి తాగవచ్చు.

సమాధానం (పాడి రైతు, నల్లగొండ జిల్లా):
మా ఆవుకు ఈ వ్యాధి వచ్చి తగ్గింది. గడ్డలు చితికి పుండ్లుగా మారినప్పుడే అసలు సంరక్షణ అవసరమైంది. పుండ్లపై ఈగలు వాలకుండా వేపనూనె, పసుపు కలిపి రాసేవాళ్లం, పురుగు పట్టకుండా రోజూ శుభ్రం చేసేవాళ్లం. నోట్లోనూ పుండ్లుండడంతో ఎండుగడ్డి నమలలేక పోయేది కాబట్టి లేతగడ్డి, జావ పెట్టాము. వైద్యులు ఇచ్చిన యాంటీబయాటిక్ వైరస్‌ను చంపడానికి కాదు, పుండ్లలో చేరే ఇతర సూక్ష్మజీవుల కోసమని అప్పుడే వివరించారు. రాలిన పొక్కులను ఊడ్చి కాల్చివేయండి, వాటిలో వైరస్ చాలా రోజులు బతికి ఉంటుంది.

ప్రశ్న అడిగిన రైతు:
ధన్యవాదాలు. రేపే టీకాకు చెబుతాను. సంతలో ఆవును కొనే విషయం ఏం చేయమంటారు?

సమాధానం (పశువైద్యుడు):
దయచేసి వాయిదా వేయండి. గడ్డలేవీ పైకి కనిపించని పశువు రక్తంలోనూ వైరస్ ఉండవచ్చు, కాబట్టి సంతలో ఎంత పరిశీలించినా భరోసా దొరకదు. బయానా తీసుకున్న వ్యక్తి ఒప్పుకోకపోతే, ఆ ఆవుకు అక్కడే టీకా వేయించి మూడు వారాలు గడిచాక తెచ్చుకోండి. తెచ్చిన తర్వాత కూడా 28 రోజులు వేరే పాకలో కట్టి, దాని తొట్టిని, తాడును మీ పశువులకు వాడకండి. మీ కొట్టంలో ఏ పశువుకైనా జ్వరం, కంటినీరు, చర్మంపై గడ్డలు కనిపిస్తే మేతకు బయటికి తోలకుండా పశువైద్య సేవల ఫోన్ నంబరు 1962కు ఫోన్ చేయండి.