ఫ్లోరెన్స్ చర్చిల్లో టికెట్: గుమ్మం దాటడానికి రుసుమా, గోడలు నిలవడానికి చందానా?

సాంధ్యరాగం:
మాది గుంటూరు దగ్గర పల్లె. అమ్మ కతోలిక విశ్వాసి. నేను ఉద్యోగరీత్యా మిలాన్‌లో ఉంటాను. పోయిన ఏడాది అమ్మ వస్తే ఫ్లోరెన్స్ తీసుకెళ్లాను. అక్కడ ఒక పాత చర్చి ముందు (పేరు ఎందుకులెండి) అమ్మ కొంగు తలమీద కప్పుకుని, సంచిలోంచి జపమాల తీసుకుని గుమ్మం ఎక్కబోయింది. కాపలా అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టి టికెట్ కౌంటర్ చూపించాడు. ప్రార్థన చేసుకోవడానికే అని ఇటాలియన్‌లో చెప్పాను. వెనక క్యూ పెరుగుతోంది, అతను వినిపించుకోలేదు. డబ్బు కట్టేశాను. లోపల అమ్మ అరగంట మోకాళ్ల మీదే ఉంది. బయటికొచ్చాక మాత్రం ఒక్క మాట అడిగింది: "గుళ్లోకి పోవడానికి మనిషికింత అని లెక్కేంట్రా?"

నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ నా మనసు అమ్మ వైపే ఉంది. ప్రధాన ఆలయం శాంతా మరియా దెల్ ఫియోరేలోకి ఉచితంగానే వెళ్లొచ్చు. బ్రూనెల్లెస్కీ కట్టిన గుమ్మటం మీదికి 463 మెట్లు ఎక్కాలంటేనే టికెట్. అది సబబుగా ఉంది. కానీ శాంతా క్రోచే, శాంతా మరియా నొవెల్లాల్లో చూడటానికి వెళ్లేవాళ్లకి గుమ్మంలోనే టికెట్. పూజ జరిగే చర్చికి ఇది న్యాయమేనా? మీరంతా ఏమంటారు?

సున్నంగోడ:
అన్నా, నేను ఫ్లోరెన్స్‌లోనే పాత కట్టడాల పునరుద్ధరణ చదువుతున్నాను. అమ్మగారిని ఆపడం ముమ్మాటికీ తప్పు. కానీ టికెట్టే తప్పు అంటే ఒప్పుకోలేను.

2017 అక్టోబరులో శాంతా క్రోచే లోపల, దాదాపు 20 మీటర్ల ఎత్తు నుంచి రాతి ముక్క ఊడిపడి ఒక స్పెయిన్ యాత్రికుడు అక్కడికక్కడే చనిపోయాడు. భార్యతో కలిసి చర్చి చూడటానికి వచ్చిన మనిషి. ఏడు వందల ఏళ్ల రాయి లోపల ఎక్కడ బీటలిచ్చిందో కింద నిలబడి చూస్తే కనపడదు. పరంజా కట్టి, పైకెక్కి, ఒక్కో రాయీ తట్టి చూడాలి. ఆ పని ఒక ఏడాది చేసి ఊరుకుంటే సరిపోదు.

1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఆ చర్చిలోకి బురద, చమురు కలిసిన నీళ్లు వచ్చాయి. చిమాబూయె గీసిన పెద్ద సిలువ మీది రంగులో సుమారు 60 శాతం కొట్టుకుపోయింది. వాసారి చెక్కపలకల మీద గీసిన 'కడరా భోజనం' నీళ్లలో నాని ఎంత దెబ్బతిన్నదంటే, అది బాగుపడి తిరిగి శాంతా క్రోచేకి వచ్చేసరికి 2016 అయింది. యాభై ఏళ్లు! పునరుద్ధరణ అంటే పట్టే కాలం అది. ఆ కాలమంతా జీతాలు, రసాయనాలు, పరికరాల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా.

ఒకప్పుడు ఆ ఖర్చు బార్దీ, పెరూజ్జీ లాంటి వడ్డీ వ్యాపారుల కుటుంబాలు భరించాయి. జొత్తో చేత గోడలు గీయించుకున్న చిన్న ప్రార్థనామందిరాలకు నేటికీ వాళ్ల పేర్లే. ఇప్పుడు ఆ డబ్బు చూడటానికి వచ్చే మనలాంటివాళ్లు ఇస్తున్నాం. నాకైతే ఇదే మెరుగు.

కంచుగంట:
సున్నంగోడ గారూ, మీ చదువు మీద గౌరవంతోనే అడుగుతున్నా. శాంతా క్రోచే, శాంతా మరియా నొవెల్లా రెండూ ఇటలీ ప్రభుత్వ ఆస్తి. 1866లో మఠాల ఆస్తులు ప్రభుత్వం తీసుకుంది. ఇప్పుడు ఇలాంటి 800కి పైగా చర్చిలు హోంశాఖ కింద ఉన్న ఒక నిధి సంస్థ చేతిలో ఉన్నాయి. మఠాల నుంచి తీసుకున్న ప్రభుత్వమే మరమ్మతు కూడా చూడాలి. ఆ భారం గుమ్మంలో నిలబడ్డవాళ్ల మీద వేయడం ఏమిటి?

ఇంకోటి. ఇటలీ బిషప్పుల సమాఖ్యే 2012లో స్పష్టంగా చెప్పింది: పూజ జరిగే చర్చిలోకి ప్రవేశం ఉచితంగా ఉండాలి, టికెట్ పెడితే గంటస్తంభం, ఖజానా, భూగృహం లాంటి విడి భాగాలకే పెట్టాలి. ప్రార్థనకు వచ్చేవాళ్లని ఎప్పుడూ ఉచితంగా రానివ్వాలి. అయినా ఏం జరుగుతోంది? రోమ్‌లో పాంథియోన్ 609 నుంచి చర్చి. 2023 జులై నుంచి దానికీ 5 యూరోలు పెట్టారు. అందులో 70 శాతం సాంస్కృతిక శాఖకి, 30 శాతం రోమ్ డయోసిస్‌కి, అంటే అక్కడి బిషప్ పాలనా విభాగానికి. ఒకచోట మొదలైతే ఇక అన్నిచోట్లా అదే దారి.

నల్లరేగడి:
తిరుమలలో 300 రూపాయల దర్శనం లేదా? జనం కొంటూనే ఉన్నారుగా. ఇటలీకొచ్చేసరికి ఎందుకు బాధ?

కంచుగంట:
తిరుమలలో పక్కనే సర్వదర్శనం ఉంది, దానికి పైసా అక్కర్లేదు. ఆ వరస ఎటో కొండ మీద ఎవరినడిగినా చెప్తారు. అది లేకపోతే 300 టికెట్‌ని మనవాళ్లు ఒక్కరోజు కూడా ఒప్పుకోరు. పైగా అక్కడ రెండు వరసల్లోనూ భక్తులే.

సున్నంగోడ:
కంచుగంట గారి ఆఖరి మాటతో ఏకీభవిస్తున్నా, నేను మొదట రాసినప్పుడు ఈ కోణం ఆలోచించలేదు. ప్రార్థనకి వేరే దారి చాలాచోట్ల ఉంది. కానీ అది పక్కసందులో చిన్న తలుపు, చిన్న బోర్డు, అదీ ఇటాలియన్‌లో. తెలిసినవాళ్లకే తెలుస్తుంది. టికెట్ కౌంటర్‌కి ఎంత పెద్ద అక్షరాలు పెడతారో ఆ తలుపుకీ అంతే పెద్ద అక్షరాలు పెట్టాలి. కాపలావాళ్లకి ఆ సంగతి నేర్పాలి. ఇది చేయకుండా టికెట్ అమ్మడం అన్యాయమే.

టికెట్ తీసేయమని మాత్రం ఇప్పటికీ అనను. బార్దీ మందిరంలో జొత్తో గీసిన సెయింట్ ఫ్రాన్సిస్ మరణం దగ్గర నిలబడి చూడండి. తరవాతి కాలంలో ఆ గోడకే సమాధి కట్టడం అంటించారు. దాన్ని తీసేశాక, బొమ్మ మధ్యలో ఆ కట్టడం ఆకారంలోనే బోడి మచ్చలు మిగిలాయి. ఒంగి ఏడుస్తున్న సన్యాసుల పక్కనే ఉత్త సున్నం. నేను మొదటిసారి చూసినప్పుడు గొంతు పట్టేసింది. పట్టించుకోని కాలంలో ఏం జరుగుతుందో ఆ గోడ మీదే ఉంది. ప్రభుత్వం చూడాలనడం న్యాయమే, కానీ ప్రభుత్వం చూసేదాకా గోడ ఆగదు.

మంచుపూలు:
నేను టూరిస్టుగానే వెళ్లాను, క్రైస్తవురాలిని కాను. టికెట్ కట్టడం నాకు కష్టమనిపించలేదు. కష్టమనిపించింది ఏంటంటే, ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని కూర్చుంటే ఆమె మీదుగా ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీయడం. డబ్బు కట్టాం కాబట్టి అంతా మాదే అన్నట్టు ప్రవర్తిస్తారు కొందరు. టికెట్ వల్ల వచ్చే అసలు నష్టం అది అని నాకనిపిస్తుంది.

సాంధ్యరాగం:
మంచుపూలు గారూ, అమ్మ విషయంలో కూడా నష్టం అదే, టికెట్ ముందు ప్రార్థనకి విలువ లేకపోయింది. చూడటానికి వచ్చేవాళ్ల దగ్గర మరమ్మతుకి డబ్బు తీసుకోవడం తప్పు కాదని సున్నంగోడ తమ్ముడు నన్ను ఒప్పించాడు, అంతవరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ప్రార్థనకి వచ్చిన మనిషిని కౌంటర్‌కి పంపడం మాత్రం ఏ గోడ కోసమైనా ఒప్పుకోను.

సెప్టెంబరులో అమ్మని ముందు శాంతా త్రినితాకి తీసుకెళ్దామనుకుంటున్నా. అక్కడ ప్రవేశం ఉచితం. లోపల సాస్సెత్తీ మందిరంలో గిర్లాందాయో 1480ల్లో గీసిన గోడచిత్రాలున్నాయి. ఒకదాంట్లో, పడి చనిపోయిన పిల్లాడు మంచం మీద లేచి కూర్చుంటాడు. ఆ బొమ్మలో వెనక కనపడే వీధి, చర్చి అదే శాంతా త్రినితా. మనం నిలబడ్డ చోటే గోడ మీద ఉంటుంది. అక్కడంతా చీకటి. పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలిగి కాసేపటికి ఆరిపోతుంది. ఆ నాణెం అమ్మ చేతే వేయిస్తాను.

శాంతా క్రోచేలో ప్రార్థనకి వెళ్లే తలుపు ఏ వైపు ఉందో, ఏ వేళల్లో తీస్తారో కనుక్కుని ఇక్కడ రాయగలవా తమ్ముడూ? అమ్మ మోకాళ్ల నొప్పులతో వస్తోంది, చర్చి చుట్టూ తిప్పలేను.

సున్నంగోడ:
రేపు కాలేజీ అయ్యాక వెళ్లి చూసి, తలుపు ఫొటోతో సహా పెడతాను అన్నా.