డీజేకి: పాప్ గాయని దువా లిపా పాటలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎలా?

ప్రశ్న (తిరుపతి): ఫెస్ట్‌లో ‘లెవిటేటింగ్’ నుంచి ‘డోంట్ స్టార్ట్ నౌ’కి పోతే బీట్ తడబడతా ఉంది. ఏం చేయాలన్నా?

జవాబు: మొదటిది నిమిషానికి 103 బీట్లు, రెండోది 124. తేడా 20 శాతం; డీజే మెషిన్‌లో వేగం మార్చే స్లైడర్ మామూలుగా 8 శాతమే జరుగుతుంది. మొదటిదాన్ని కోరస్ చివర ఎకోతో (ప్రతిధ్వనితో) వదిలేసి, రెండోదాన్ని నేరుగా ఎత్తుకో.

ప్రశ్న: మధ్యలో ‘న్యూ రూల్స్’ వేస్తే?

జవాబు: అది 116. అక్కడి నుంచి 124కి ఏడు శాతమే, అందుతుంది. కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా ఆపే బటన్) వెయ్, లేకపోతే గొంతు సన్నబడుతుంది. అసలు చిక్కు బేస్‌తో (కింది స్థాయి దిమ్మనే శబ్దంతో). 2020 నాటి దువా ఆల్బమ్ ‘ఫ్యూచర్ నోస్టాల్జియా’కి డిస్కో బేసే ప్రాణం. పాప్‌లోకి డిస్కో మళ్లీ వచ్చిందంటే ఈమె చలవ కొంతుంది. రెండు బేసులూ కలిస్తే గోలే. పాతదాని ‘లో’ నాబ్ (బేస్ తగ్గించేది) పూర్తిగా దించాకే కొత్తది తెరువు.