శ్రావణ ముహూర్తాలకల్లా నా తల తేరుకుంటుందా?

నీడల వేటగాడు, అనంతపురం

నా వయసు 36. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను, పదమూడేళ్లుగా ఇదే పని. ఆల్బం సిద్ధం చేసేటప్పుడు పెళ్లికొడుకు నుదుటి పైన ఖాళీ కనిపిస్తే కంప్యూటర్‌లో బ్రష్ పట్టుకుని నాలుగు గీతలు గీసేస్తాను. నిమిషం పని. ఎవరూ అడగరు, ఇంతవరకు ఎవరూ వద్దనలేదు కూడా.

నా సంగతి డ్రోన్ బయటపెట్టింది. గుంతకల్లులో ఒక పెళ్లికి మా కుర్రవాడు పైనుంచి వీడియో తీశాడు. రాత్రి కూర్చుని చూస్తుంటే వధూవరుల చుట్టూ ఏదో గుండ్రంగా మెరుస్తూ తిరుగుతోంది. తలంబ్రాల పళ్లెం అనుకున్నాను. కాదు, నేనే.

నుదుటి రెండు మూలలూ వెనక్కి వెళ్లాయని తెలుసు. నడినెత్తి ఇంతగా పోయిందని తెలియదు. మొదట జుట్టు మీద చల్లుకునే కెరటిన్ పొడి కొన్నాను. గదిలో అద్దం ముందు అద్భుతంగా ఉంది. మే నెలలో తాడిపత్రి పెళ్లిలో, మధ్యాహ్నం పన్నెండు గంటల ముహూర్తానికి, చెమటతో పాటు ఆ నలుపు చెవి పక్కన చారలా దిగింది. పెళ్లికూతురి మేనకోడలు, ఆరేళ్లుంటాయేమో, “అంకుల్, మీ జుట్టు కారిపోతోంది” అని అందరికీ వినపడేలా చెప్పింది. మిగిలిన డబ్బా బీరువాలో ఉంది, కావలసినవారు తీసుకోవచ్చు.

తర్వాత జుట్టు నాటించుకుందామని బెంగళూరులో ఒక క్లినిక్‌కు ఫోను చేశాను. వీడియో కాల్‌లో ముందు భాగం మాత్రమే చూసి 3,500 గ్రాఫ్టులు, అంటే తల వెనుక నుంచి తీసి ముందు నాటే కుదుళ్లు, పడతాయన్నారు. ఒక్కోటి 45 రూపాయలు, అంటే 1,57,500. ఈ వారంలో అడ్వాన్సు కడితే తగ్గిస్తారట. తల వెనుక భాగం చూపించమని ఎవరూ అడగలేదు.

ఆషాఢంలో ఎలాగూ పెళ్లిళ్లు ఉండవు, నెల రోజులు ఖాళీ. ఆ నెల మొదట్లో చేయించుకుంటే శ్రావణంలో కెమెరా పట్టుకుని నలుగురిలో తిరగగలనా? చేయించుకున్నవారు చెప్పండి. వద్దనేవారూ చెప్పండి, కాకపోతే అప్పటిదాకా ఈ తలను ఎలా కత్తిరించుకోవాలో కూడా చెప్పండి.

తుంగభద్ర ఒడ్డున, కర్నూలు

అన్నా, మీది ఆషాఢం లెక్క, నాది వేసవి సెలవుల లెక్క. ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. ఎనిమిదేళ్ల కిందట, 27 ఏళ్లప్పుడు, మే రెండో వారంలో చేయించుకుని జూన్ 12న కొత్త జుట్టుతో బడికి వెళదామనుకున్నాను. ముందే చెబుతున్నాను, శ్రావణంలో మీరు ఇప్పటికంటే బాగా కనిపించరు. కొంత అధ్వానంగానే కనిపిస్తారు.

ఆ రోజు ఏం జరుగుతుందో చెబుతాను. తల వెనుక భాగమంతా మిషనుతో గీస్తారు. మత్తు సూదులు తల చర్మానికే వేస్తారు, మనం మెలకువగానే ఉంటాం. నొప్పంటే ఆ సూదులదే, ఒక పావుగంట పళ్లు బిగబట్టాను. తర్వాత బోర్లా పడుకోబెట్టి మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే సన్నటి గొట్టంతో కుదుళ్లు ఒక్కొక్కటే తీశారు. గ్రాఫ్టు అంటే ఒక వెంట్రుక కాదు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు దాకా వెంట్రుకలు ఉంటాయి. వాటిని చల్లటి సెలైన్‌లో ఉంచి, మధ్యాహ్నం నాకు పెరుగన్నం పెట్టి, వెల్లకిలా తిప్పి నాటడం మొదలుపెట్టారు. ఉదయం ఎనిమిదికి లోపలికి వెళ్లినవాణ్ని సాయంత్రం ఐదు దాటాక బయటికి వచ్చాను. 2,200 గ్రాఫ్టులు.

మూడో రోజుకు నుదుటి వాపు కళ్ల మీదికి దిగింది. తేనెటీగలు కుట్టాయా అని మా అమ్మ అడిగింది. రాత్రుళ్లు రెండు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్ర. పదో రోజుకు పక్కులు రాలి తల శుభ్రపడింది, ఎర్రదనం మాత్రం మిగిలింది. సరే గెలిచాం అనుకున్నాను. మూడో వారంలో నాటిన వెంట్రుకలే రాలడం మొదలైంది! లోపల వేరు ఉంటుంది, పైన కాడ మాత్రమే రాలుతుంది అని ముందే చెప్పారు. అయినా దిండు మీద వాటిని చూస్తే ఆ మాట గుర్తు రాలేదు, 90,000 రూపాయలు గుర్తొచ్చాయి. నాలుగో నెలలో సన్నటి మొలకలు కనిపించాయి. పూర్తి రూపానికి ఏడాది పట్టింది. నడినెత్తి అయితే ఇంకా నెమ్మది, ఏడాదిన్నర కూడా పట్టవచ్చు. మీ శ్రావణం, నాటించుకున్న మూడో వారానికీ నాలుగో నెలకూ మధ్యలో పడుతుంది, అన్నింటికంటే బోసిగా ఉండే కాలం అది.

బడి తెరిచిన రోజు ఏడో తరగతి పిల్లలు “సార్, తిరుపతి వెళ్లొచ్చారా?” అన్నారు. అవునన్నాను. లడ్డూ ఏది సార్ అన్నారు.

ఇక అసలు మాట. నాటింది నాకు బాగానే నిలిచింది. 1950లలో న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైచ్ కనిపెట్టింది ఇదే. వెనుక నుంచి తెచ్చిన వెంట్రుక ఎక్కడ నాటినా వెనుక భాగపు గుణమే చూపుతుంది, రాలదు. ఈ వైద్యం మొత్తం ఆ ఒక్క సంగతి మీద నడుస్తోంది. కానీ పక్కన సహజంగా ఉన్న జుట్టుకు ఆ గుణం లేదు కదా. 27 ఏళ్ల తొందరలో నుదుటి గీత కిందికి దించమని నేనే పట్టుబట్టాను. వద్దనవలసిన వైద్యుడు సరేనన్నాడు. తర్వాత మందూ వాడలేదు. ఈ ఎనిమిదేళ్లలో దాని వెనుక ఉన్న సొంత జుట్టు జరిగిపోయింది. ఇప్పుడు ముందు చక్కటి కట్ట, వెనుక ఎండిన చెరువు. బైకు మీద గాలికి కట్ట లేస్తే చెరువు కనిపిస్తుంది.

మన జిల్లాలవాళ్లకు బోరుబావి పోలిక చెబితే చాలు. తల వెనుక భాగంలో ఉన్న నీళ్లు అన్నే. చాలామందికి జీవితకాలం మొత్తంలో తీయగలిగేది సుమారు 6,000 కుదుళ్లు, కొందరికి అంతకంటే తక్కువ. అందులో 3,500 ఇప్పుడే తోడేస్తే, యాభై ఏళ్లకు ఇంకా వెనక్కి పోయినప్పుడు ఏం తెచ్చి నింపుతారు? ఆ లెక్క వెనుక భాగం చూడకుండా చెప్పారంటే బోరులో నీళ్లు చూడకుండా మోటారు అమ్మినట్లే. ఎవరి దగ్గరికి వెళ్లినా కుదుళ్లు తీసేదెవరు, నాటేదెవరు అని అడగండి. ఈ శస్త్రచికిత్సకు శిక్షణ పొందిన రిజిస్టర్డ్ వైద్యుడే బాధ్యుడని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియోలు చూసి నేర్చుకోవడం శిక్షణ కిందికి రాదని కూడా అందులో ఉంది. అలా రాయవలసి వచ్చిందంటే పరిస్థితి మీరే ఊహించుకోండి.

మందుల బీరువా, కడప

నాది మందుల దుకాణం. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అంటారు. ఈ వ్యవహారంలో పోయడు. నారు సర్జన్ పోస్తాడు, నీరు మనమే పోసుకోవాలి.

పూతగా వాడే మినాక్సిడిల్ 5 శాతం ద్రావణం. మగవారికి పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండు పూటలు, జుట్టుకు కాదు, చర్మానికి తగలాలి. ఇది మొదట రక్తపోటు మాత్రగా వచ్చిన మందు. అది మింగినవారికి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడంతో తలకు పనికొస్తుందని తేలింది. మొదటి నెల రెండు నెలల్లో రాలడం ఎక్కువవుతుంది. సగం మంది అప్పుడే సీసా వెనక్కి తెచ్చి నాతో గొడవ పెట్టుకుంటారు. నాలుగు నెలలు ఓపిక పడితేనే ఫలితం తెలుస్తుంది, మానేస్తే కొన్ని నెలల్లో వచ్చింది పోతుంది.

ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర వేరే సంగతి. వెంట్రుక కుదురును సన్నబరిచే డీహెచ్‌టీ అనే హార్మోనును తగ్గిస్తుంది, ఉన్న జుట్టును నిలబెట్టడంలో దీనిదే పెద్ద చెయ్యి. వైద్యుడి చీటీ లేకుండా నేను ఇవ్వను. కొద్దిమందికి లైంగిక కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండడం వంటివి వస్తాయి, అలా అనిపిస్తే దాచుకోకుండా వైద్యుడికి చెప్పాలి. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన మాత్రను ఆమె ముట్టుకోకూడదు. ఇది వాడుతున్నన్నాళ్లూ, మానేశాక మరో నెల రోజుల వరకూ రక్తదానం చేయకూడదు. యాభై దాటాక ప్రోస్టేట్ గ్రంథి కోసం పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించుకుంటే ఈ మాత్ర సంగతి తప్పక చెప్పాలి, అంకె సగానికి పడిపోయి కనిపిస్తుంది.

ఉల్లిరసం రాసుకోవచ్చా అని ఎవరో అడగబోతారు. పెళ్లిళ్లకు వెళ్లే మనిషికి ఆ వాసన ఎందుకండీ.

నున్నగా హాయిగా, హిందూపురం

నాలుగేళ్లుగా రెండు రోజులకోసారి తలంతా గీసుకుంటున్నాను. రేజరు, నురగ, పది నిమిషాలు. మొదటి నెల కనిపించిన ప్రతివాడూ ఏ కొండకు వెళ్లావని అడిగాడు, ఇంటికి వచ్చిన మేనమామ ఒకాయన ఎవరు పోయారని కంగారుపడ్డాడు. రెండో నెల నుంచి ఎవరూ అడగలేదు. ఎండలోకి వెళితే మాత్రం సన్‌స్క్రీన్ తలకూ రాయాలి, నాకు ఒకసారి చర్మం పొలుసులుగా ఊడింది.

దువ్వెన, అనంతపురం

పాత ఊరిలో మాది సెలూను, మా నాన్న పెట్టింది. మీలాంటి తలలు వారానికి పది చూస్తాను కాబట్టి చివరి ప్రశ్నకు నేను చెబుతాను.

‘జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది’ అని సామెత. లేనివాళ్లు చేసే పెద్ద తప్పు ఏమిటంటే, పోయినచోట దాచడానికి ఉన్నచోట పెంచడం. చెవి పక్కన పాపిడి తీసి అటు జుట్టును ఇటు పరిచి జెల్ పెట్టి అతికిస్తారు. జెల్ వెంట్రుకలను జడల్లా ఒకదానికొకటి అంటిస్తుంది, మధ్యలో చర్మం చారలుగా కనిపిస్తుంది. ఫ్యాను కింద కూర్చుంటే అతికించినది రేకు తలుపులా లేస్తుంది. పక్కలు ఒత్తుగా ఉన్నకొద్దీ పైభాగం పల్చగా కనిపిస్తుంది. అందుకే పక్కలను తగ్గించాలి. చెవుల చుట్టూ ఒకటో నంబరు గార్డు, అంటే 3 మిల్లీమీటర్లు. పైకి వెళ్లేకొద్దీ రెండో నంబరు, 6 మిల్లీమీటర్లు. నెత్తి మీద కత్తెరతో అంగుళం లోపు. మిషను పెట్టను, కత్తెర మొనతో పొడిచినట్లు కోస్తే వెంట్రుకలు ఎత్తుపల్లాలుగా నిలబడి చర్మాన్ని కప్పుతాయి. నడినెత్తిని మాత్రం ఇంకొంచెం పొట్టిగా ఉంచుతాను. పొడవుంటే అక్కడి సుడి దగ్గర విడిపోయి ఖాళీ పెద్దదవుతుంది.

రెండోది రంగు. మనవాళ్లు కాటుక నలుపే కావాలంటారు. తెల్లటి చర్మం మీద నల్లటి గీతలు గీస్తే దూరం నుంచే తెలుస్తుంది కదా. ముదురు గోధుమ రంగు వేస్తే ఆ తేడా మెత్తబడుతుంది. ఫోటోలు తీసే మీకు ఇది నేను చెప్పాలా? కొత్త రంగును ముందు రోజు చెవి వెనుక చుక్క పెట్టి చూడండి, కొందరికి దద్దుర్లు వస్తాయి.

మెరుపు పోవాలంటే నూనె మానండి, మెరవని రకం వాక్సు బఠాణీ గింజంత చాలు. చిన్న గడ్డం ఉంచండి, వారం రోజులదిలా, మెడ దగ్గర గీత శుభ్రంగా ఉంటే చూపు కిందికి దిగుతుంది. పదిహేను రోజులకోసారి రావాలి, నెలకోసారి అంటే కుదరదు.

ప్యాచ్, అంటే తలకు అంటించుకునే కట్టుడు జుట్టు గురించి మీరు అడగలేదు, ఎవరైనా అమ్మడానికి వస్తారని చెబుతున్నాను. జిగురుతో అంటిస్తారు. నాలుగు వారాలకోసారి ఊడదీసి కడిగి మళ్లీ అంటించాలి. మన ఎండకు కింద చెమట పట్టి దురద. అలవాటైనవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఒకాయన మా కుర్చీలోనే దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని తల గోక్కుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ ముఖంలో కనిపించిన సుఖం నేను మరిచిపోలేను.

నీడల వేటగాడు, అనంతపురం

అందరికీ నమస్కారం, ఆలస్యంగా రాస్తున్నాను. అడ్వాన్సు కట్టలేదు. మూడుసార్లు ఫోను చేశారు, వెనుక భాగం ఎప్పుడు చూస్తారని అడిగితే నాలుగోసారి చేయలేదు.

ఇక్కడే ఒక చర్మవైద్యురాలికి చూపించుకున్నాను. వెలుగున్న భూతద్దంలాంటి పరికరం తల మీద ఆనించి, తెరమీద నా నడినెత్తిని చూపించారు. ఒకే చోట లావు వెంట్రుకా, పక్కనే దానిలో సగం లావున్న వెంట్రుకా. అలా సన్నబడుతున్నవి ఇంకా పనిచేస్తున్నాయట, ముందు వాటిని కాపాడుకుందామన్నారు. కంటికి పల్చబడినట్లు తెలిసేసరికి సగం జుట్టు పోయి ఉంటుందని కూడా ఆమే చెప్పారు. పదమూడేళ్లు ఇతరుల తలలు చూసిన నాకు అది తగిలింది. ఏడాది మందులు వాడి, అప్పుడు ఫోటోలు పోల్చి, నుదుటి మూలలు మాత్రం నాటించుకోవాలా అన్నది మాట్లాడదామన్నారు. ప్రతి నెలా మొదటి తేదీన ఒకే కుర్చీ, ఒకే దీపం, ఒకే దూరంలో నా తలను నేనే తీసుకుంటున్నాను. ఈ ఒక్క పనిలో నాకు ఎవరి సలహా అక్కరలేదు.

కడప అన్నా, మీరన్నట్లే అయింది. ఐదో వారంలో స్నానాల గదిలో జాలీ నిండా జుట్టే. సీసా వెనక్కి ఇవ్వలేదు.

దువ్వెన గారూ, మీ సెలూనుకు వచ్చి వెళ్లాను, పేరు చెప్పలేదు. పక్కలు తగ్గించమని మీరే చెప్పారు కానీ కుర్చీలో కూర్చున్నాక రెండుసార్లు వద్దని చేయి అడ్డుపెట్టిన మనిషిని నేనే. ఇంట్లో మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, రెండు రోజుల తర్వాత ముఖం సన్నబడింది, సరిగా తింటున్నారా అంది.

శ్రావణం మొదటి పెళ్లి ధర్మవరంలో అయింది. డ్రోన్ మళ్లీ ఎగిరింది. వీడియోలో పళ్లెం అంతగా మెరవలేదు. మా కుర్రవాడు జాలిపడి ఎత్తు పెంచి తీశాడేమో, అడగలేదు.