ఇంట్లో ఫ్లేక్స్ చేసినవాళ్లు ఉన్నారా? పాలు పోయగానే ఉగ్గు అయిపోతోంది

కొర్లగుంట అమ్మ
ఇద్దరు పిల్లలు. పొద్దున్నే అట్టపెట్టెలోని కార్న్‌ఫ్లేక్స్ తప్ప ఇంకేదీ ముట్టరు. దోసె పోస్తే పళ్లెంలోనే ఎండిపోతుంది. సరే, ఇంట్లోనే చేద్దామని మొక్కజొన్న పిండి, బియ్యప్పిండి జారుగా కలిపి, పెనం మీద పల్చగా పూసి, ఎండబెట్టి, విరిచి, మళ్లీ వేయించాను. చేతిలో ఉన్నంతసేపూ కరకర. పాలు పోయగానే ఉగ్గు. ఓవెన్ లేదు. మూడు సంగతులు చెప్పండి: పాలల్లో కాసేపైనా నిలవాలంటే ఏం చేయాలి, తీపికి బెల్లం వేస్తే మెత్తబడకుండా ఎలా, డబ్బాలో ఎన్నాళ్లు ఉంటుంది.

మిట్టూరు మామ
మా చిన్నప్పుడు బొరుగుల్లో వేడిపాలు, బెల్లం తురుము. దానికి పేరు కూడా లేదమ్మా. ఇప్పుడు వాటికే చాక్లెట్ పూసి, పెట్టె మీద ఏనుగు బొమ్మ వేస్తే మూడొందలు ఇచ్చి కొంటున్నాం.

పలమనేరు పిల్ల
ఫ్లేక్స్ వదిలేయండక్కా, రాగిమాల్టు చేయండి. రాగులు రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, తడిగుడ్డలో మూటకడితే ఒకటిన్నర రోజుకు తెల్లగా మొలకొస్తుంది. నీడలో ఆరబెట్టి, మొలకలు నలిపి, చేటతో చెరిగి పట్టించడమే. కానీ ఈసారి నా గోడు వేరే. ఎంతసేపు కాచినా జావ చిక్కబడదు, నీళ్లలాగే ఉంది. గింజ తప్పు కాదు, మా పొలంలో పండిన వకుళ రకం రాగులే. మిల్లువాడు నా పిండి మార్చేశాడు. అడిగితే "మీ రాగులే అక్కా" అంటాడు. నలుగురిలో కడిగేసి వచ్చాను.

అలిపిరి మిద్దె
ఆరబెట్టడం అంటున్నారు గానీ, మా వైపు మిద్దె మీద ఏదైనా పెడితే కోతులు మిగలనిస్తాయా? మొన్న రెండు కిలోల రాగులు గుడ్డతో సహా ఎత్తుకెళ్లాయి. దీనికి ఎవరైనా ఉపాయం చెప్పండి.

గింజల మేస్త్రీ
22 ఏళ్లు ఫ్లేక్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాణ్ణి, కాబట్టి చెప్తున్నాను. పలమనేరమ్మా, ముందు వెళ్లి ఆ మిల్లువాడికి సారీ చెప్పు. గింజ మొలకెత్తితే అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. పిండిపదార్థాన్ని చక్కెరలుగా విరగ్గొట్టడమే దాని పని. అందుకే మాల్టు కాస్త తియ్యగా ఉంటుంది, జావ పల్చగా వస్తుంది. పసిపిల్లలకు అదే మేలు. అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టినా మింగడానికి తేలిక.

ఇక కొర్లగుంట అమ్మకు. అసలు కార్న్‌ఫ్లేక్స్ పిండితో చేయరు. మొక్కజొన్న గింజలో పొట్టు, మొలకభాగం తీసేసి, మిగిలిన పెద్ద పలుకుల్ని ఉప్పు, చక్కెర, మాల్టుతో ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. కొంత ఆరనిచ్చి, తేమ పలుకంతా సమంగా పాకేదాకా అలాగే ఉంచుతారు. ఆ తర్వాతే బరువైన రోలర్ల మధ్య నలిపి, పెద్ద వేడిలో కాలుస్తారు. 1894లో అమెరికాలో, బాటిల్ క్రీక్‌లో కెల్లాగ్ అన్నదమ్ములు మొదట చేసింది ఉడికించిన గోధుమతో, మొక్కజొన్న ఆ తర్వాత వచ్చింది. పెనం మీద పూసింది అప్పడం అవుతుంది, ఫ్లేక్ కాదు.

పలమనేరు పిల్ల
సారీ నేను చెప్పాలా? మా అత్తమ్మ ఇరవై ఏళ్లుగా ఆ మిల్లులోనే పట్టించింది. ఆమె జావ గరిటె నిలబడేలా ఉండేది. ఆమె రాగులకు మొలకలు రాలేదా?

గింజల మేస్త్రీ
మొలకలు ఆరాక ఆమె వేయించేదా, లేదా? అది చెప్పు.

పలమనేరు పిల్ల
మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించేది. నాకు తీరిక లేక వేయించలేదు. అయితే?

గింజల మేస్త్రీ
అయితే ఏముంది, గట్టి వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. జావ చిక్కబడుతుంది. కేసు కొట్టేయండి.

గ్రీమ్స్‌పేట సీనియర్
మేస్త్రీ గారూ, మీ ఎంజైమ్ మాట బాగానే ఉంది గానీ మిల్లువాళ్లందరినీ దేవుళ్లను చేయకండి. నా ముందు ఎవరో మిరపకాయలు పట్టించుకున్న మర లోనే నా పిండి వేశారు. మనవరాలు జావ తాగి చేసిన గోల వీధంతా విన్నది. మొదటి రెండు గుప్పెళ్లు పక్కకు తీయమని నిలబడి చెప్పాలి.

మిట్టూరు మామ
మిరపకాయల మరలో రాగులు పోసినవాళ్లది కూడా తప్పే కదా సార్.

గ్రీమ్స్‌పేట సీనియర్
నిలబడి చూసింది నేను. మీరు కాదు.

చంద్రగిరి చెల్లెలు
రాగుల్లో పాలకన్నా పది రెట్లు కాల్షియం, షుగర్ వాళ్లు ఎంతైనా తాగొచ్చు.

గింజల మేస్త్రీ
పది రెట్లు ఎక్కడిదమ్మా? 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు. పాలకన్నా మూడు రెట్లు అనుకో. అదీ గింజ లెక్క, గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి.

రేణిగుంట రైలు
'ఎంతైనా' అనకండి. మా నాన్నకు రోజూ మాల్టు ఇచ్చాం, తాగిన రెండు గంటలకు చూస్తే 240. మెత్తటి పిండి జావ సంగటికన్నా త్వరగా షుగర్ పెంచుతుందని డాక్టర్ చెప్పారు.

కె.టి. రోడ్డు కోడలు
అసలు అడిగిన అక్కకు ఎవరూ చెప్పట్లేదు. ఓవెన్ లేకుండా నేను చేసేది ఇదీ. మందం అటుకులు మూడు కప్పులు, చెనిక్కాయ గింజలు ఒక కప్పు, బొరుగులు ఒక కప్పు, నువ్వులు రెండు చెంచాలు. అన్నీ విడివిడిగా, చిన్న మంట మీద. అటుకు వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి, వంగితే ఇంకా వేయించాలి. బెల్లం తురుము ముప్పావు కప్పు, నీళ్లు రెండు చెంచాలు. బెల్లంలో నీరు మిగిలితేనే మెత్తబడుతుంది. అందుకని పాకం చిక్కీకి పట్టినట్టు పట్టండి. చన్నీళ్లలో వేసిన చుక్క గట్టిపడి, గిన్నెకేసి కొడితే టంగుమనాలి. చెంచా నెయ్యి వేసి, అన్నీ కలిపి, పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారాకే విరవండి. వెచ్చగా ఉండగా మూతపెట్టి ఒకసారి డబ్బా మొత్తం పారేశాను.

మిట్టూరు మామ
బెల్లం నల్లదే వాడమ్మా. తెల్లగా మెరిసేదాంట్లో హైడ్రోస్ అని రంగు తేల్చే రసాయనం కలుపుతారు.

కె.టి. రోడ్డు కోడలు
నల్లబెల్లం పది కిలోలు అడిగితే కొట్టాయన నన్ను పైనుంచి కిందకు చూశాడు మామా. సారా కాస్తాననుకున్నట్టున్నాడు.

మిట్టూరు మామ
పది కిలోలు అడిగితే నేనైనా చూస్తాను.

కొర్లగుంట అమ్మ
కోడలమ్మా, నిన్న చేశాను. మొదటి వాయి పాకం ముదిరి రాయి అయింది, సుత్తి తీసుకోవాల్సి వచ్చింది. రెండోది బాగుంది. అటుకులు పాలల్లో నాలుగైదు నిమిషాలు నిలిచాయి, బొరుగులే ముందు మెత్తబడ్డాయి. ఈసారి బొరుగులు తినేముందు పైన చల్లుతాను. పెద్దవాడు తిన్నాడు. చిన్నది చెనిక్కాయలు ఏరుకుని మిగతాది వదిలేసింది. ఎన్నాళ్లుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కె.టి. రోడ్డు కోడలు
మా ఇంట్లో రెండు వారాలు. వానల్లో వారం. చెనిక్కాయ నూనెవాసన పట్టిందంటే తినకండి.

పలమనేరు పిల్ల
అదే పిండి కొంచెం మూకుట్లో వేయించి కాచాను. చిక్కబడింది. వచ్చేవారం అదే మిల్లుకే వెళ్తాను, కానీ మా ఆయన్ను పంపిస్తాను.

అలిపిరి మిద్దె
అందరివీ తేలాయి. కోతుల సంగతి?